నాన్నగారికి చెప్పని మాట: ప్రేమతో ఆడిన అబద్ధం పాపమేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు, మా సంఘంలో పెద్ద. కొన్నాళ్లుగా అన్నం సయించక చిక్కిపోతుంటే గుంటూరు తీసుకువెళ్లి ఎండోస్కోపీ చేయించాము. బయాప్సీలో జీర్ణాశయ క్యాన్సర్ అని తేలింది. డాక్టరు గారు రిపోర్టును నాకూ మా అన్నయ్యకూ చూపించి, "పెద్దాయనకు చెప్పాలో వద్దో మీరే చూసుకోండి" అన్నారు. అన్నయ్య వద్దన్నాడు. ఆ రాత్రి నాన్నగారు "రిపోర్టులో ఏముందమ్మా?" అని అడిగితే, "కడుపులో పుండు నాన్నా, మందులతో తగ్గిపోతుందట" అని చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూసి సరేనన్నారు. అప్పటినుంచి నాకు ప్రార్థనలో మనసు నిలవడం లేదు. బైబిల్లో ఐగుప్తులోని మంత్రసానులు, ఇశ్రాయేలు వేగులవారిని దాచిన రాహాబు అబద్ధమాడినా దేవుడు వారిని దీవించాడు కదా అని అన్నయ్య అంటాడు. పైగా క్యాన్సర్‌ను రాచపుండు అంటారు గనుక నేను చెప్పింది అబద్ధం కూడా కాదంటాడు. అబద్ధాలన్నీ దేవుని దృష్టిలో ఒకటేనని మా పాస్టరు గారు అన్నారు. నాన్నగారి స్నేహితులైన మరో మాస్టారు భాగవతంలోని పద్యం చదివి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు బొంకవచ్చమ్మా అన్నారు. నేను చేసింది పాపమా? వచ్చే వారం నాన్నగారిని క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ఇప్పుడేం చేయాలి?
— ఒక సోదరి

సమాధానం: ప్రియ సోదరికి,

మీరు సూటిగా అడిగారు గనుక నేనూ సూటిగానే మొదలుపెడతాను. ఆ రాత్రి మీరు చెప్పింది అబద్ధమే, అది తప్పే. అయితే అన్ని అబద్ధాలతో సమానమైన తప్పు కాదు. దాన్ని సరిదిద్దుకోవడానికి మీకు ఇంకా సమయం ఉంది. ఇంత మాత్రం చెప్పి ఊరుకుంటే మీకు మేలు జరగదు. మీ అన్నయ్య, మీ పాస్టరు గారు, ఆ మాస్టారు చెప్పిన మాటలు మూడూ ఈ విషయం మీద పెద్దలు శతాబ్దాల తరబడి చేసిన వాదనల్లోనివే. వాటిలో నిలిచేది ఏదో, నిలవనిది ఏదో తెలిస్తే గానీ వచ్చే వారం మీరు ధైర్యంగా నోరు విప్పలేరు.

ఒక పని మంచిదో చెడ్డదో తూచేటప్పుడు క్రైస్తవ నీతిశాస్త్రం మూడు విషయాలను విడివిడిగా అడుగుతుంది. చేసిన పని ఏమిటి, ఏ ఉద్దేశంతో చేశారు, ఎటువంటి పరిస్థితిలో చేశారు అన్నవే ఆ మూడు. పదమూడవ శతాబ్దంలో క్యాథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ ఈ విభజనను స్థిరపరిచాడు. ఒక పని మంచిది కావాలంటే మూడూ మంచివై ఉండాలి, చెడిపోవడానికి మాత్రం ఒక్కటి చెడితే చాలు. మీ విషయంలో ఉద్దేశం తండ్రి మీది ప్రేమ, పరిస్థితి చేతికి రిపోర్టు వచ్చిన రోజు రాత్రి కలిగిన భయం, చేసిన పని నిజం కాదని తెలిసిన మాటను ఆయన నమ్మేలా చెప్పడం. మొదటి రెండూ తప్పు బరువును చాలావరకు తగ్గిస్తాయి గాని, మూడవదాన్ని మంచిపనిగా మార్చలేవు. మేలు కలగడానికి కీడు చేద్దామనే ఆలోచనను పౌలు రోమీయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో తోసిపుచ్చింది ఇందుకే.

మీ పాస్టరు గారి మాటను ఇక్కడే కొంచెం సవరించవలసి ఉంది. ఒక ఆజ్ఞ తప్పినవాడు అన్నిటి విషయంలోనూ అపరాధి అన్న యాకోబు మాట ఆయన మనసులో ఉండి ఉంటుంది. ఆ మాట ఎవరూ తమను తాము నీతిమంతులనుకోకుండా కాపాడడానికి చెప్పినది, పాపాలన్నిటి బరువూ ఒకటేనని చెప్పడానికి కాదు. "నన్ను నీకు అప్పగించినవానికి ఎక్కువ పాపము కలదు" అని ప్రభువే పిలాతుతో అన్నాడు. ఎక్కువ ఉన్నప్పుడు తక్కువా ఉంటుంది. అబద్ధం విషయంలో అందరికంటే కఠినంగా మాట్లాడిన తొలినాటి సంఘ బోధకుడు ఆగస్టీను కూడా అబద్ధాలను ఎనిమిది రకాలుగా విడదీసి, దేవుని గురించిన బోధలో చెప్పే అబద్ధాన్ని అన్నిటికంటే ఘోరమైనదిగా, ఎవరికీ హాని చేయకుండా ఒకరికి మేలు చేయడానికి ఆడేదాన్ని తేలికైన వాటిలో ఒకటిగా ఉంచాడు. అక్వినాస్ మరింత స్పష్టంగా, హాని తలపెట్టి ఆడేది, సరదాకు ఆడేది, సాయం చేయడానికి ఆడేది అని మూడుగా చెప్పి, ఈ చివరిది తప్పే గాని దేవునితో బంధాన్ని తెంచేంతటి తప్పు కాదన్నాడు. కాబట్టి ప్రార్థనకు దూరం కావలసినంత పని మీరు చేయలేదు, తిరిగి ప్రార్థనలో కూర్చోండి. మనసు నిలవకపోవడానికి కారణం దేవుడు మీకు ముఖం చాటేయడం కాదు, మీ మనస్సాక్షి సరిగ్గా పనిచేయడం.

ఇక మంత్రసానుల సంగతి. షిఫ్రా, పూయా అనే ఆ మంత్రసానులు ఐగుప్తు రాజు ఫరోతో నిజం చెప్పలేదన్న మాట నిజమే, వారికి దేవుడు మేలు చేశాడన్నదీ నిజమే. కానీ నిర్గమకాండము మొదటి అధ్యాయాన్ని మరోసారి నెమ్మదిగా చదవండి. వారు దేవునికి భయపడి పసికందులను చంపలేదని, ఆ భయాన్ని బట్టి దేవుడు వారి వంశాన్ని వృద్ధి చేశాడని అక్కడ ఉంది. ఆగస్టీను ఇదే గమనించి, దేవుడు ప్రతిఫలమిచ్చింది వారి కనికరానికే గాని అబద్ధానికి కాదన్నాడు. ఈ సమాధానం అందరినీ తృప్తిపరచలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ అబద్ధం లేకుండా ఆ కనికరం నిలిచేదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆగస్టీను కాలంలోనే జాన్ కాసియన్ అనే సన్యాసి రాహాబు కథను ఎత్తుకుని, అబద్ధం ప్రాణాంతకమైన జబ్బుకు మాత్రమే వాడవలసిన విషమూలిక వంటిదని, జబ్బు లేనివాడు తింటే చస్తాడని రాశాడు. అంటే తొలినాటి సంఘ పెద్దలైన సంఘ పితరుల్లోనే ఈ విషయం మీద ఏకాభిప్రాయం లేదు. అయితే ఏ పక్షం గెలిచినా మీ అన్నయ్య వాదన మాత్రం నిలవదు. మంత్రసానులు నిజం దాచింది పిల్లలను చంపబోయిన రాజు దగ్గర, రాహాబు నిజం దాచింది వేగులవారిని పట్టుకోవడానికి వచ్చిన యెరికో రాజు మనుషుల దగ్గర. మీ ఇంట్లో ప్రశ్న అడిగింది ఫరో కాదు, మీ తండ్రి. ఆయన ఎవరి ప్రాణం తీయడానికీ అడగలేదు, తన శరీరంలో ఏముందో తెలుసుకోవడానికి అడిగాడు.

ఆగస్టీను 420లో స్పెయిన్‌లోని కొన్‌సెంటియస్ అనే విశ్వాసికి అబద్ధాన్ని ఖండిస్తూ ఒక గ్రంథం రాశాడు. అక్కడి కొందరు మతభ్రష్టుల గుట్టు బయటపెట్టడానికి తామూ వారి మతంలో చేరినట్టు నటించవచ్చునా అన్నది అసలు సందర్భం. ఆ వాదన చివరికి వచ్చేసరికి ఆయన మీ ఇంటి గడపలోకే వచ్చాడా అనిపించే ఒక ఉదాహరణ ఇస్తాడు. ఒక మనిషి తీవ్రమైన జబ్బుతో ఉన్నాడు. అతని ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు, ఆ సంగతి తెలిస్తే తట్టుకునే శక్తి అతనికి లేదు. "నా కొడుకు బతికే ఉన్నాడా?" అని అతడు మిమ్మల్ని అడిగాడు. మీరు చెప్పగలిగేవి మూడే: బతికి ఉన్నాడు, చనిపోయాడు, నాకు తెలియదు. ఇందులో రెండు అబద్ధాలు, నిజమైన ఒక్కటి అతని ప్రాణం తీస్తుంది. మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని బట్టే అతడు గ్రహిస్తాడు. నిజం చెప్పినందువల్ల అతడు చనిపోతే నువ్వే చంపావని లోకం అరుస్తుంది. ఇన్నీ రాసి, ఈ మాటలు తనను గట్టిగా కదిలిస్తున్నాయని, అయితే ఆ కదలిక వివేకమైనదేనా అని ఆగస్టీను తనను తాను ప్రశ్నించుకుంటాడు. నోటినుంచి ఏ అబద్ధమూ రాని ప్రభువును కళ్ల ముందు నిలుపుకొని, చివరికి అబద్ధానికి అనుమతి ఇవ్వడు. ఒక్కసారి తలుపు తెరిస్తే ఆ సందులోంచి ఒక్కొక్కటిగా ఎంత పెద్ద అబద్ధమైనా లోపలికి వస్తుందని ఆయన భయం.

ఆయన కాఠిన్యాన్ని మీరు పూర్తిగా ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. నన్ను ఆ ఉదాహరణ దగ్గర ఆపేది వేరొకటి. ఆగస్టీను చెప్పిన రోగికి తెలియబోయేది తాను ఏమీ చేయలేని దుఃఖం మాత్రమే. మీ నాన్నగారికి తెలియవలసింది తన గురించిన నిజం, తెలిస్తే ఆయన చేయవలసిన పనులు ఉన్న నిజం. వైద్యం ఎంతవరకు చేయించుకోవాలో, ఎక్కడ ఆపాలో ఆయనే చెప్పాలి. పొలం కాగితాలు, ఇంట్లో ఎవరితోనైనా మిగిలిపోయిన మాటపట్టింపు, సంఘంలో తాను మోస్తున్న బాధ్యతలు, మీ అమ్మగారికి చెప్పుకోవలసిన మాటలు, దేవునితో ఒంటరిగా గడపవలసిన రాత్రులు, ఇవన్నీ ఆయనవి. పుండు తగ్గిపోతుందని నమ్మినవాడు వాటిని వచ్చే సంవత్సరానికి వాయిదా వేస్తాడు.

పాత పెద్దల మాట అలా ఉంటే, ఫలితాన్ని బట్టే పని మంచిచెడ్డలు తేలతాయనే తత్త్వవేత్తలు ఏమంటారో కూడా చూద్దాము, ఎందుకంటే మీ అన్నయ్య మాట వెనుక ఉన్నది నిజానికి ఆ ఆలోచనే. ఆ పక్షంలో ముఖ్యుడైన జాన్ స్టువర్ట్ మిల్ 1861లో రాస్తూ, నిజం చెప్పాలన్న నియమానికి మినహాయింపులు ఉన్నాయని, తీవ్రంగా జబ్బుపడినవారికి చెడ్డ కబురు చెప్పకపోవడం అందులో ఒకటని పేరుపెట్టి మరీ చెప్పాడు. ఆ వెంటనే, మాట మీద నమ్మకమే మనుషుల మధ్య ఉన్న మేళ్లన్నిటికీ ఆధారం గనుక, మినహాయింపు అవసరానికి మించి పాకకుండా దాని హద్దులు గీయాలని కూడా అన్నాడు. ఆ హద్దును మీ ఇంట్లో గీసి చూడండి. వచ్చే వారం మీరు వెళ్లే ఆస్పత్రి బోర్డు మీద క్యాన్సర్ అని రాసి ఉంటుంది. ఓపీలో పక్కన కూర్చున్నవారు ఏ కీమో ఎన్నోసారి అని అడుగుతారు. మందు ఎక్కిస్తే వాంతులవుతాయి, కొన్ని మందులకు జుట్టు ఊడుతుంది. పుండుకు ఇదంతా ఎందుకని ఒక తెలుగు పండితుడు అడగకుండా ఉంటారా? ప్రతి ప్రశ్నకూ కొత్త అబద్ధం కావాలి, దానికి మీ అమ్మగారినీ, చూడవచ్చే బంధువులనూ, మీ పిల్లలనూ సిద్ధం చేయాలి. చివరికి ఆయనకు తెలిసిపోయి, తెలిసిన సంగతి మీకు తెలియకూడదని ఆయన కూడా నటించడం మొదలుపెడితే, ఒకే ఇంట్లో తండ్రీ బిడ్డలు చివరి నెలలు ఎదురెదురు నాటకాలతో గడుపుతారు. ఆ రాత్రి కాసేపు మీ ముఖం చూసి సరేనన్నారని రాశారే, అది ఇప్పటికే మొదలైందేమోనని నాకు అనుమానం. ఫలితాన్ని లెక్కవేసినా ఈ అబద్ధం నష్టమే.

1797లో జర్మన్ తత్త్వవేత్త కాంట్‌కూ, ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్‌కూ మధ్య జరిగిన వాదం మీకు డిగ్రీలో వచ్చి ఉంటే గుర్తుకు తెచ్చుకోండి. మీ ఇంట్లో దాగిన స్నేహితుడిని చంపడానికి వచ్చినవాడు, అతడు లోపల ఉన్నాడా అని అడిగితే ఏం చెప్పాలి? నిజం చెప్పడం కర్తవ్యమే గాని, ఆ నిజం మీద హక్కు ఉన్నవాడి పట్ల మాత్రమే అది కర్తవ్యమని కాన్‌స్టంట్ అన్నాడు. కాంట్ ఒప్పుకోలేదు, హంతకుడికైనా అబద్ధం చెప్పరాదన్నాడు. ఇక్కడ నా మనసు కాన్‌స్టంట్ వైపే మొగ్గుతుంది. కానీ గమనించండి, అబద్ధానికి ఆయన ఇచ్చిన వెసులుబాటు కూడా మీకు పనికిరాదు. తన రోగం గురించిన నిజం మీద రోగికి లేని హక్కు ఇంకెవరికి ఉంటుంది? ఆ హక్కు ముందు ఆయనది, ఆయన ద్వారానే మీది, మీ అన్నయ్యది. రిపోర్టు ముందుగా మీ చేతికి రావడం వల్ల అది మీ సొత్తు కాలేదు.

అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య ఉన్న బంధాన్ని బట్టి నిజం చెప్పే తీరు మారుతుందని జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ 1943లో బెర్లిన్‌లోని టేగెల్ జైలులో ఉండి రాశాడు. మీ నాన్న తాగి వస్తాడటగా అని ఉపాధ్యాయుడు తరగతి అందరి ముందూ అడిగితే, నిజమే అయినా పిల్లవాడు కాదంటాడు. ఆ ఇంటి గుట్టు అడిగే అధికారం ఉపాధ్యాయుడికి లేదు గనుక తప్పు ఆయనదేనని బోన్‌హోఫర్ తీర్పు. ఆ పిల్లవాడు కాపాడింది తన తండ్రిని, బయటివారి నుంచి. మీరు దాచింది తండ్రి నుంచే.

రాచపుండు కూడా పుండే కదా అన్న మాటను దయచేసి వదిలేయండి. మాటకు రెండర్థాలు ఉన్నాయన్న సాకుతో, మనసులో ఒకటి దాచుకొని ఎదుటివాణ్ని మరొకటి నమ్మించడాన్ని సమర్థించిన కొందరు క్యాథలిక్ పండితుల బోధను 1679లో పోపు పదకొండవ ఇన్నోసెంటు ఖండించాడు. దేవుని ముందు మీరు చెప్పుకోవలసింది మీ వాక్యానికి నిఘంటువు ఏమంటుందో కాదు, మీ నాన్నగారు ఏమని నమ్మాలని మీరు కోరుకున్నారో. అది మీకు తెలుసు గనుకనే ఈ ఉత్తరం రాశారు.

ఆ మాస్టారు చదివిన పద్యం మీద నాకు గౌరవం ఉంది, తెలుగునాట అది రానివారు తక్కువ. "బొంకవచ్చు నఘము వొంద దధిప" అని ఆ మాట అన్నది శుక్రాచార్యుడు, విన్నది బలి చక్రవర్తి. రాజ్యం పోతుందని తెలిసి కూడా బలి ఆడిన మాట తప్పలేదు. గురువు ఇచ్చిన వెసులుబాటును శిష్యుడు తీసుకోకపోవడమే పోతన కథకు ప్రాణం. జీవితమంతా ఆ పద్యాలు పిల్లలకు చెప్పిన పండితుడు మీ నాన్నగారు. బలి పక్షాన నిలబడతారో శుక్రుడి పక్షానో ఆయననే అడిగితే ఏమంటారో మీకు నాకంటే బాగా తెలుసు.

నిజం చెప్పడం పాశ్చాత్యుల పద్ధతి, మన ఇళ్లలో కుదరదు అనే మాట కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. 1961లో అమెరికా వైద్యులపై జరిగిన ఒక సర్వేలో నూటికి 90 మంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మళ్లీ అడిగితే 97 మంది చెప్పడమే మేలన్నారు. అక్కడా ఇది పుట్టుకతో వచ్చిన పద్ధతి కాదు, ఒక తరంలో మారిన పద్ధతి. మన దేశంలో 2002 నాటి వైద్య నియమావళి, జబ్బు తీవ్రతను పెంచీ తగ్గించీ చెప్పవద్దంటూనే, రోగికి గాని బంధువులకు గాని బాధ్యత గల స్నేహితులకు గాని తగినంత తెలిసేలా చూడమంటుంది. ఆ "గాని"ల మధ్యనే మీ డాక్టరు గారు నిర్ణయాన్ని మీ మీద వదిలేశారు. ఆయన్ని తప్పుపట్టను, కానీ ఆయన వదిలేసినంత మాత్రాన అది మీరు తీసుకోవలసిన నిర్ణయం కాదు.

ఇప్పుడు చేయవలసింది. అబద్ధం చెప్పకూడదన్నంత మాత్రాన తెలిసిందంతా ఒకేసారి కుమ్మరించాలని కాదు. ప్రమాదం నుంచి ఒకరిని తప్పించడానికి కూడా అబద్ధం కూడదన్న అక్వినాసే, నిజాన్ని వివేకంతో బయటపెట్టకుండా ఉంచుకోవడం తప్పు కాదన్నాడు. "ప్రేమ గలిగి సత్యము చెప్పుచు" అని ఎఫెసీ పత్రికలో ఉన్నది కూడా ఈ రెండింటినీ విడదీయవద్దనే. తెలుసుకునే హక్కు ఉన్నవారికి తెలుసుకోకుండా ఉండే హక్కూ ఉంటుంది, కాబట్టి ముందు ఆయననే అడగండి. ఇంట్లో జనం లేని వేళ చూసి, "నాన్నా, ఆ రోజు మీరు అడిగినప్పుడు భయపడి మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు, నన్ను క్షమించండి. రిపోర్టులో ఉన్నదంతా మీకు చెప్పమంటారా, లేక వైద్యం సంగతి మమ్మల్నే చూసుకోమంటారా?" అని అడగండి. చెప్పమంటే జబ్బు పేరు చెప్పి ఆగండి. తరువాత మాట ఆయననే అడగనివ్వండి, అడిగినంతకే జవాబివ్వండి. ఎన్నాళ్లు బతుకుతానని అడిగితే, మీకు నిజంగా తెలియదు గనుక తెలియదనే చెప్పండి. వద్దమ్మా, మీరే చూసుకోండి అంటే ఆ మాట ఆయన నిర్ణయం, ఇక మీ మౌనంలో దోషం లేదు. అప్పుడు కూడా తగ్గిపోతుందన్న మాట మాత్రం మళ్లీ అనవద్దు.

దీనికి ముందు మీ అన్నయ్యతో మాట్లాడండి. నువ్వు పాపం చేయమన్నావని నిలదీయవద్దు, ఆయన కూడా తండ్రి పోతాడేమోనన్న భయంతోనే ఉన్నాడు. నాన్నగారు మళ్లీ అడిగితే నేను ఇక అబద్ధం చెప్పలేను అని మాత్రం స్పష్టంగా చెప్పండి, వీలైతే ఆయన్నీ పక్కన కూర్చోమనండి. వినకపోతే ఆయన అనుమతి కోసం ఆగనవసరం లేదు. వచ్చే వారం ఆస్పత్రికి బయలుదేరే లోపలే ఈ మాట పూర్తి కావాలి, ఆ సంగతి నాన్నగారు బోర్డు చదివి తెలుసుకోకూడదు. డాక్టరు గారి గదిలోకి వెళ్లాక, ఆయన ఎదుట కుర్చీలో నాన్నగారినే కూర్చోబెట్టి, ఆయన అడగదలచుకున్న ప్రశ్నలను ఆయననే అడగనివ్వండి.